పిల్లల క్షేమం కోసం దూడను నిమిరిన పెద్దలు

మా బడి పిల్లలు పశువుల క్షేత్రాన్ని సందర్శించి, పూర్తి ఆరోగ్యంతో, ఒక్క పశువునూ చూడకుండా క్షేమంగా తిరిగి వచ్చారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. ఈ ఘనత భద్రతా సంఘానిది. ఆ సంఘానికి నేను కార్యదర్శిని. మా అమ్మాయి అదే బడిలో రెండో తరగతి.

ప్రయాణానికి ముందు ఏమేం జాగ్రత్తలు తీసుకోవాలో కనుక్కుందామని క్షేత్రం యజమానురాలికి ఫోన్ చేశాను.

"పశువుల్ని ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. కడుక్కునేదాకా ఏదీ నోట్లో పెట్టుకోకూడదు. కొళాయిలు గేటు పక్కనే ఉన్నాయి. అంతేనండీ," అందావిడ.

సంఘం నొచ్చుకుంది. ఇంత చిన్న జాగ్రత్త కోసం ఇంతమంది పెద్దలు సమావేశమయ్యారని బయట తెలిస్తే పరువేం కావాలి? అందుచేత ప్రధానోపాధ్యాయుడు మరికొన్ని చేర్చారు. పిల్లలకు వానకోట్లు, చేతులకు తొడుగులు, ముక్కుకు గుడ్డ, కోడిపుంజు కూతకు చెవులు దెబ్బతినకుండా దూది. ఈతకళ్లద్దాలు కూడా ఉండాలన్నారు వ్యాయామం మాస్టారు. ఎందుకని ఎవరూ అడగలేదు, ఆయన అంత గట్టిగా అన్నారు. పేడ వేసే కార్యక్రమాన్ని మేం వెళ్లిపోయేదాకా వాయిదా వేయించవలసిందిగా యజమానురాలిని కోరాం.

"చెప్పి చూస్తానండీ. వినడం వినకపోవడం గేదె ఇష్టం," అందావిడ.

ఆ రోజు బస్సు గేటు ముందు ఆగింది. పిల్లలు దిగబోతుంటే ప్రధానోపాధ్యాయుడు చేయి అడ్డుపెట్టారు. ముందు పెద్దలు లోపలికి వెళ్లి, అపాయం లేదని తేల్చుకోవాలట. సబబుగానే ఉందని మేమంతా దిగాం.

లోపల తల్లి పక్కన ఓ దూడ నిలబడి ఉంది. తెల్లటి నుదురు, తడి ముక్కు. అపాయం ఉందో లేదో తెలుసుకోవడానికి ప్రధానోపాధ్యాయుడు దాని మెడ నిమిరారు. దూడ ఆయన అరచేయి నాకింది. మళ్లీ నాకుతుందేమో రూఢి చేసుకోవడానికి ఆయన రెండో చేయి కూడా ఇచ్చారు. వ్యాయామం మాస్టారు మేకపిల్లను ఎత్తుకుని ఇక దించనన్నారు. నేను కోడిపిల్లలను ఒళ్లో పోసుకుని పరిశీలించాను. ఈలోగా ఎవరో బిస్కెట్ల పొట్లం విప్పారు. నములుతూనే ప్రధానోపాధ్యాయుడు ప్రసంగించారు.

"పరిశుభ్రతే మన ఊపిరి. పిల్లలకది తెలియదు. మనం నేర్పాలి."

వేళ్లు నాక్కుని చప్పట్లు కొట్టాం.

తనిఖీ ముగిసేసరికి పొద్దు వాలింది. బస్సులో పిల్లలు వానకోట్లలో ఉడికిపోయి ఉన్నారు. మా అమ్మాయి ఈతకళ్లద్దాల్లో నీళ్లు నిండి ఉన్నాయి. చెమట అనుకున్నాను.

"దూడ ఎలా ఉంది నాన్నా?" అంది.

"మెత్తగా ఉందమ్మా. అపాయమేమీ లేదు."

"అయితే దిగనా?"

"టైమైపోయింది తల్లీ."

మర్నాడు తల్లిదండ్రుల సభలో, పిల్లల్లో ఏ ఒక్కరికీ తుమ్మైనా రాలేదని ప్రకటించగానే హాలు మార్మోగిపోయింది. పశువును చూశారా అని ఎవరూ అడగలేదు. సన్మానానికి వేదిక ఎక్కవలసిన ప్రధానోపాధ్యాయుడు మాత్రం పొట్ట పట్టుకుని రెండో వైపు పరుగు తీశారు. వెనకే వ్యాయామం మాస్టారు. పూలగుత్తి అందుకున్నాక నేను.

ఆస్పత్రిలో మమ్మల్నందరినీ ఒకే గదిలో పడుకోబెట్టారు. డాక్టరమ్మ మా కడుపులు నొక్కి చూసి, దూడ సంగతీ బిస్కెట్ల సంగతీ ఓపిగ్గా విన్నది.

"మధ్యలో చేతులు కడుక్కున్నారా?" అంది.

ప్రధానోపాధ్యాయుడికి రోషం వచ్చింది. సెలైన్ గొట్టంతో సహా లేచి కూర్చున్నారు.

"మేమేమన్నా చిన్నపిల్లలమా అమ్మా?"