జడ్జిగారి కుడి చెవి

ఆ ఉదయం చెయ్యవలసిన పని చాలా చిన్నది. పెరటి వరండా గోడకు వేలాడుతున్న జడ్జిగారి చిత్రపటాన్ని దించి, పొడిగుడ్డతో తుడిచి, మేడ మీద పెద్దావిడకు అప్పగించాలి. బొమ్మలావిడ చంటిదానికి నీళ్లు పోసి, ఉయ్యాలలో వేసి, చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, ముక్కాలి పీట కూడా పట్టుకొచ్చింది. వరండాకు అడ్డంగా కట్టిన పాత దుప్పటిని పక్కకు లాగబోతుంటే లోపలి నుంచి భర్త గొంతు వినిపించింది.

"ముట్టుకోకు. మెల్లిగా రా. ఊపిరి కూడా మెల్లిగా తీసుకో."

ఆయన్ని వీధిలో అందరూ బొమ్మలాయన అంటారు. మనుషుల ముఖాలు గీయడం ఆయన బతుకుతెరువు. ప్రాణం మాత్రం పిట్టల మీద. తెల్లవారకుండానే మెడలో కెమెరా వేసుకుని ఊరి చివర ముళ్లపొదల్లోకి వెళ్లి రాయిలా కూర్చుంటాడు. తిరిగి వచ్చేటప్పుడు పాలు తేవడం మరిచిపోతాడు గాని, ఏ పిట్ట తోకకింద ఏ రంగుందో మరిచిపోడు. తీసిన ఫొటోలు చూసి ఆ పిట్టల్ని మళ్లీ రంగుల్లో వేస్తాడు. కొనేవాళ్లు లేకపోయినా ఆ పూట ఆయన ముఖం పండగ చేసుకున్నట్టుంటుంది.

బొమ్మలావిడ దుప్పటి తొలగించి చూసింది. పటం వెనక తగిలించిన తీగ కొస ఒకటి చట్రం దాటి బయటికి పొడుచుకొచ్చి ఉంది. దానికి చిన్న సంచిలా ఒక గూడు వేలాడుతోంది. నార, సాలీడు దారం, చిత్తుకాగితం ముక్కలు, కుంచెలు తుడిచే గుడ్డలోంచి లాగిన నీలం పోగులు, ఎక్కడిదో తెల్లటి దూది. గూటి గుమ్మానికి చూరు కూడా ఉంది. ఆ గూడు సరిగ్గా జడ్జిగారి కుడి చెవి పక్కన ఊగుతోంది. అందులోంచి ఒక తేనెపిట్ట వంకీ ముక్కు బయటపెట్టి, ఆవిడ వైపు అనుమానంగా చూసింది.

రంగు ఆరేదాకా అటు రావద్దు, దుమ్ము పడుతుందని దుప్పటి కట్టింది ఇందుకా అని ఆవిడ అడిగింది. రంగు ఎప్పుడో ఆరిందని ఆయన ఒప్పుకున్నాడు. గుడ్లు పెట్టింది, పిల్లలు ఎగిరేదాకా పటం కదపడానికి వీల్లేదు, కదిపితే తల్లి మళ్లీ రాదు అన్నాడు. జడ్జిగారి ముఖం వెయ్యడానికి పడిన శ్రమకంటే ఆ మాట చెప్పడానికే ఎక్కువ శ్రమపడ్డాడు.

ఆ ఇల్లు జడ్జిగారిది. ఆయన పోయి ఏడాది కావస్తోంది. వెనక వాటా రెండు గదులూ వరండా వీళ్లకు అద్దెకిచ్చింది ఆయన భార్య పెద్దావిడే. బొమ్మలు వేసేవాడు, పైగా చంటిపిల్ల అని విన్న ఇంటివాళ్లందరూ గోడలకు మేకులు, నేలకు మరకలు అని తలుపు మూసినవాళ్లే. ఇక్కడి నుంచి లేవమంటే పిల్లను చంకనేసుకుని ఎక్కడికి పోవాలి? ఇంటి యజమాని పటానికే గూడు కట్టనిచ్చినవాణ్ని ఏ యజమాని ఉండనిస్తాడు?

అందుకని ఆవిడ మేడెక్కి, పటం ఇంకా ఆరలేదు పిన్నిగారూ అని చెప్పి వచ్చింది. నూనె రంగులు ఆలస్యంగానే ఆరతాయి కాబట్టి అది పెద్ద అబద్ధంగా ఆవిడకే అనిపించలేదు. విత్తనం కూడా మొదట చిన్నదిగానే ఉంటుంది.

మేడ మీద సంగతి కొంత చెప్పాలి. జడ్జిగారికి ఇద్దరు కొడుకులు. పెద్దవాడు ప్లీడరు, చిన్నవాడు బ్యాంకు మేనేజరు. మేడ మీద అటు వాటాలో ఒకరు, ఇటు వాటాలో ఒకరు, నడిమి గదిలో తల్లి. తండ్రి పోయినప్పటి నుంచి అన్నదమ్ములకు మాటల్లేవు. ఆయన పడక కుర్చీ తనకే అన్నారని పెద్దవాడు, కాదు తనకే అన్నారని చిన్నవాడు. తేలక ఆ కుర్చీ మెట్ల మలుపులో ఉండిపోయింది. అందులో ఎవరూ కూర్చోరు, ఎవరినీ కూర్చోనివ్వరు. ఎంత హుందా అయిన మనిషైనా అక్కడ ఎండ్రకాయలా పక్కకు తిరిగి పైకెక్కాల్సిందే.

పటం ఆరలేదని తెలిసి పెద్దవాడు ఒక టేబుల్ ఫ్యాన్ కిందికి పంపాడు. గాలి తగిలితే గూడు తెగిపోతుంది. బొమ్మలావిడ ఆ ఫ్యాన్ను గదిలో గోడవైపు తిప్పి పెట్టింది. చప్పుడు మేడ మీదికి వినిపించాలి గదా అని రోజంతా తిప్పింది. అన్న పంపాడని తెలిసి తమ్ముడు అంతకంటే పెద్దదైన స్టాండు ఫ్యాన్ స్వయంగా మోసుకొచ్చి గడపలో దించాడు. దాన్నీ అదే గోడవైపు తిప్పక తప్పలేదు. రెండు ఫ్యాన్లు ఒక వట్టి గోడను పగలల్లా ఆరబెట్టాయి. చంటిదానికి జలుబు చేసింది.

దుప్పటి వెనక మాత్రం లోకం వేరు. ముక్కాలి పీట మీద బొమ్మలాయన, కెమెరా కాళ్ల మీద కెమెరా, ఎదురుగా గూడు. పిల్లలు రెండు బయటపడ్డాయని, తండ్రి పిట్ట కూడా సాలీళ్లు పట్టుకొచ్చి పెడుతోందని, ఎండ పడితే దాని మెడ ఒకసారి ఊదాగా ఒకసారి పచ్చగా మెరుస్తుందని, ఆ రంగు ఏ సీసాలోనూ దొరకదని రోజూ చెప్పేవాడు. ఆవిడ కోపంగానే వినడం మొదలుపెట్టేది. వింటూ వింటూ ఎప్పుడో తానూ దుప్పటి చిల్లులో కన్ను పెట్టేది. తల్లిపిట్ట గూటి గుమ్మంలో నిలబడి ఒక్క క్షణం వెనక్కి తిరిగి చూసి గాని లోపలికి పోదు. చంటిదాన్ని ఉయ్యాలలో వదిలి వంటింట్లోకి పోయేటప్పుడు తానూ అంతే చేస్తుంది. అది గుర్తుకొచ్చాక గూడు తీసేద్దామన్న మాట మళ్లీ అనలేకపోయింది.

ఒక మధ్యాహ్నం పెద్దావిడ స్వయంగా దిగి వచ్చింది. రెండు ఫ్యాన్లనూ, అవి చూస్తున్న గోడనూ కాసేపు చూసింది. పటంలో ఎక్కడ ఆరలేదో చెప్పమంది. బొమ్మలావిడకు కళ్లముందు గూడు తప్ప ఇంకేం కనిపించలేదు.

"కుడి చెవి దగ్గరండీ" అంది.

"కుడి చెవా."

"అవునండీ. మిగతా అంతా ఆరింది. అక్కడే ఎందుకో..."

పెద్దావిడ దుప్పటి వైపు చూసింది. చివరి రోజుల్లో ఆయనకు ఎడమ చెవి పని చేసేది కాదని, ఎవరేం చెప్పుకోవాలన్నా కుడి పక్కకు వచ్చి చెప్పుకోవలసిందేనని మెల్లిగా అని, మెట్లెక్కి వెళ్లిపోయింది. బొమ్మలావిడ గండం గడిచిందనుకుంది.

సాయంత్రానికి మేడ మీద మాట మారిపోయింది. ఊళ్లోవాళ్ల తగాదాలన్నీ విన్న మనిషి సొంత కొడుకుల తగాదా వినకుండానే పోయాడు, వినవలసింది మిగిలిపోయింది కనకే చెవి ఆరడం లేదు అని తల్లి తేల్చింది. ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు కిందికి వెళ్లి తండ్రి ముందు చెప్పుకోండి అంది. చదువుకున్నవాళ్లు, ఇద్దరూ నవ్వబోయారు. ఆవిడ నవ్వలేదు. ఆదివారం నాడు హాల్లో పటం పెట్టే వేడుకకు జడ్జిగారి స్నేహితులు వస్తున్నారు, అప్పటికి చెవి ఆరకపోతే వాళ్లకు కారణం తానే చెబుతానంది.

ముందు పెద్దవాడు వచ్చాడు. నల్లకోటు వేసుకునే వచ్చాడు. పటానికి దుమ్ము తగలకూడదన్నారు కాబట్టి దుప్పటికి ఇవతలే నిలబడ్డాడు. అవతల పీట మీద బొమ్మలాయన ఉన్నాడని చెప్పే ధైర్యం బొమ్మలావిడకు లేదు. బయటికి వచ్చే దారి ఆయనకు లేదు. పెద్దవాడు గొంతు సవరించుకుని, కుర్చీ మీద తన హక్కుకు మొదటి కారణం, రెండో కారణం అంటూ వాదన ఎత్తుకున్నాడు. మూడో కారణంలో తమ్ముడి గుణగణాలకు వచ్చేసరికి, పెరటి వైపు నుంచి తండ్రి పిట్ట నోట్లో పచ్చటి పురుగుతో గూటి మీద వాలింది. బొమ్మలాయన ఎంతైనా మనిషే.

టిక్కుమంది.

పెద్దవాడి నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. కోర్టులో ఎవరైనా వాదన సాగదీస్తే జడ్జిగారు కలం మూతతో బల్ల మీద ఒక్కసారి టిక్కుమనిపించేవారు. ఇక చాలు, కూర్చో అని దాని అర్థం. పెద్దవాడు దుప్పటికి నమస్కారం పెట్టి, వెనక్కి నడిచి, వెళ్లి మెట్ల మీద కూలబడ్డాడు.

తర్వాత చిన్నవాడు వచ్చాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక రెండు ఫ్యాన్లనూ ఆపేశాడు. ఇల్లంతా నిశ్శబ్దమైపోయింది. అతను వాదించలేదు.

"నాన్నా, కుర్చీ వాడికే ఇచ్చెయ్యండి. నాకు జ్వరమొస్తే వాడు వచ్చి చూసిపోయేవాడు. మొన్న జ్వరమొచ్చింది. రాలేదు."

మెట్ల మీద కూర్చున్న పెద్దవాడికి ఆ మాట వినిపించింది. ఆ రాత్రి ఒక వాటాలోంచి ఇంకో వాటాలోకి ఎవరో నడిచిన అడుగుల చప్పుడు బొమ్మలావిడ కింది నుంచి విన్నది.

ఆదివారం వచ్చింది. మేడ మీద హాల్లో జడ్జిగారి స్నేహితులు వరసగా కూర్చున్నారు. అన్నదమ్ములిద్దరూ కలిసి పటం తీసుకుపోవడానికి దిగి వచ్చారు. బొమ్మలావిడ దుప్పటికి అడ్డంగా నిలబడి, ఇంకో రెండు రోజులు అని బతిమాలింది. చెవి ఇంకా ఆరలేదేమో అంది. మా మధ్య అంతా ఆరిపోయిందమ్మా, చెవి ఆరకుండా ఎలా ఉంటుంది అని పెద్దవాడు పెద్దరికంగా అన్నాడు. ఈలోగా పాకుతూ వచ్చిన చంటిది వేలాడుతున్న దుప్పటి అంచు రెండు చేతులా పట్టుకుని లేచి నిలబడబోయింది. దుప్పటి ఊడి కింద పడింది.

పీట మీద బొమ్మలాయన, కంటికి కెమెరా. గోడ మీద జడ్జిగారు. ఆయన చెవి పక్కన గూడు, గూటి గుమ్మంలో రెండు నోళ్లు.

అందరికంటే ముందు ప్లీడరుకే అర్థమైంది.

"అంటే ఆ రోజు నువ్వు ఇక్కడే ఉన్నావు. మా ఇంటి మాటలన్నీ విన్నావు."

"వినలేదండీ" అన్నాడు బొమ్మలాయన. "అప్పుడు పిట్ట వచ్చింది."

"నమ్మమంటావా?"

"నమ్మండి అన్నయ్యగారూ" అంది బొమ్మలావిడ, ఏడుపు గొంతుతోనే. "పిట్ట వస్తే ఆయనకు పక్కన పిడుగు పడ్డా వినపడదు. పెళ్లయినప్పటి నుంచి చూస్తున్నాను."

"మరి ఆ టిక్కు?"

బొమ్మలాయన కెమెరా వైపు చూశాడు. అబద్ధం చెప్పడం ఆయనకు చేతకాదు. ఒక్కసారి నొక్కి వినిపించాడు.

పెద్దవాడి ముఖం నల్లబడింది. కెమెరా చప్పుడుకు లొంగి తన కేసు తానే వదులుకున్నానన్నమాట అన్నాడు. ఇంతకాలం ఇంటిల్లిపాదినీ వెర్రివాళ్లను చేసినవాళ్లు ఈ ఇంట్లో ఒక్క పూట కూడా ఉండడానికి వీల్లేదన్నాడు. అప్పుడిక కుర్చీ సంగతి కూడా మళ్లీ తేలాల్సిందే అనేసరికి చిన్నవాడు తల దించుకుని రెండడుగులు దూరం జరిగాడు. బొమ్మలావిడ చంటిదాన్ని ఎత్తుకుని గుండెకు అదుముకుంది. ఏ గిన్నెలు ముందు సర్దాలో అప్పుడే ఆలోచన మొదలైంది.

"టిక్కు కెమెరాదేరా" అంది మెట్ల మీద నుంచి పెద్దావిడ. "తమ్ముడి మాట ఎవరిది?"



ఆవిడ ఒక్కో మెట్టూ దిగి వచ్చి గూటి ముందు ఆగింది. కళ్లజోడు పైకి తోసి, తెల్లటి దూది ముక్కను వేలితో చూపించింది.

"ఇది నా దిండులోది. నా కిటికీలో ఆరబెడితే ఈ పిట్ట పీక్కుపోయింది. పీక్కుని ఎక్కడికి పోతోందో వంగి చూశాను. గుడ్లు పెట్టకముందు మాట."

బొమ్మలావిడ చంటిదాన్ని చంక మార్చుకుని, "మరి చెవి అన్నారు, వినవలసింది మిగిలింది అన్నారు..." అంది.

"చెవి అన్నది నువ్వు, అమ్మాయ్. నేను అనుకుంటే ఇంత బాగా తట్టేది కాదు." ఆవిడ కొడుకుల వైపు తిరిగింది. "ఏడాదిగా చెబుతున్నాను. నా మాట విన్నారా? గోడ మీది మనిషి మాటైతే విన్నారు. పైకి వెళ్లి, అందరినీ చెప్పులు విప్పి మెల్లిగా దిగి రమ్మనండి. పటం ఇక్కడే ఉంటుంది. ఇల్లు ఎవరూ ఖాళీ చెయ్యరు."

పెద్దమనుషులందరూ వరండాలో గోడకు ఆనుకుని, గొంతులు తగ్గించుకుని నిలబడ్డారు. ఒకాయన జడ్జిగారి న్యాయనిష్ఠ గురించి గుసగుసగా ప్రసంగించాడు. ప్రసంగం మధ్యలో పెద్ద పిల్లపిట్ట గుమ్మంలోకి వచ్చి, చూరు కిందనుంచి మెడ చాచి, లోకాన్ని ఒకసారి చూసి, జడ్జిగారి భుజం మీదుగా పెరట్లోకి ఎగిరిపోయింది. దాని వెనక రెండోది. బొమ్మలాయన కెమెరా దించేశాడు. తీశావా అని భార్య సైగ చేస్తే తల అడ్డంగా ఊపాడు. చూస్తూ ఉండిపోయానన్నాడు. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి. గోడకు ఆనుకున్న పెద్దవాడు జరిగి తమ్ముడికి చోటిచ్చాడు.

ఆ రోజు నుంచి అన్నదమ్ములు మళ్లీ మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఏడాది బాకీ అంతా తీర్చుకుంటున్నట్టు పగలల్లా ఒకటే మాటలు కావడంతో, మధ్యాహ్నం పూట చంటిదాన్ని నిద్రపుచ్చడం బొమ్మలావిడ వల్ల కాలేదు.