మంత్రిగారి తరఫున ముద్ద

ఇకమీదట ప్రజల ఇళ్ళల్లో శుభకార్యాలకు మంత్రి తిరుమలరావుగారు స్వయంగా విచ్చేస్తారనీ, భోజనం మాత్రం ప్రతినిధి ద్వారా చేస్తారనీ శుక్రవారం సాయంత్రం పార్టీ ఆఫీసులో ప్రకటన వెలువడింది. విలేకరులకు పకోడీలు పంచారు. మంత్రిగారు పకోడీ ముట్టలేదు. ఆయన వాటా పకోడీలు పక్కనే నిలబడ్డ ఎల్లాజీ తిన్నాడు. ఆ విధంగా పథకం అక్కడికక్కడే అమల్లోకి వచ్చింది.

దీని వెనక చాలా దూరదృష్టి ఉంది. మంత్రిగారికి షుగరూ బీపీ రెండూ ఉన్నాయి. నియోజకవర్గానికేమో మర్యాద ఉంది. మావైపు ఇంటికొచ్చిన మనిషి ఎంగిలి పడకుండా వెళ్ళిపోతే ఏడు తరాలు గుర్తుపెట్టుకుంటారు. క్రితం ఎన్నికల్లో గాజువాకలో ఒక వీధి వీధంతా ఎదుటి పార్టీకి గుద్దేసింది. కారణం ఏమిటా అని విచారిస్తే, అక్కడో పెళ్ళిలో మంత్రిగారు ‘టైం లేదమ్మా’ అని మజ్జిగ మాత్రం తాగి వెళ్ళారట. ఆ వీధికి రోడ్డు వెయ్యకపోయినా క్షమించారు గాని, విస్తరి ముందు కూర్చోకపోతే క్షమించలేదు.

ఎల్లాజీ మా పక్కింటివాడు. పద్నాలుగేళ్ళుగా పార్టీకి పోస్టర్లు అంటిస్తున్నాడు. కావలసింది ఒక్కటే, వార్డు టికెట్. గాజువాక కార్పొరేషన్‌లో కలిశాక వస్తున్న మొదటి ఎన్నికలవి. అంతకుముందు మునిసిపాలిటీకి రెండుసార్లు అడిగాడు. రెండుసార్లూ పైనుంచి సర్వే చేయించి, ‘ఈ పేరు జనంలో ఎవరూ విన్నట్టు లేదు’ అని తిప్పి పంపారు. నాకు స్టీల్ ప్లాంటులో ఉద్యోగం. ఆ శని, ఆదివారాలు సెలవు పెట్టి, నా స్కూటరును దేశసేవకు అప్పగించాను.

మంత్రిగారి పీఏ గవర్రాజుగారు ప్రోగ్రాం కాగితం ఇచ్చారు.

"రెండ్రోజులు, తొమ్మిది ఫంక్షన్లు. ఏ ఇంట్లోనైనా నీ నోటంట ‘చాలు’ అన్న మాటొచ్చిందా, టికెట్ మర్చిపో."

"నాను అనను బాబూ," అన్నాడు ఎల్లాజీ, గుండె మీద చెయ్యేసుకుని. ఆ చెయ్యి కాస్త కిందికి వెయ్యాల్సిందని నాకు తర్వాత తెలిసింది.

బయల్దేరుతుంటే అతని భార్య చిట్టమ్మ గుమ్మంలో నిలబడింది. "ఈపాలి టికెట్టు రాపోతే మా తమ్ముడి టైర్ల కొట్లో కూకోవాల. మాటియ్యి."

ఎల్లాజీ మాటిచ్చాడు. ఆ బావమరిదంటే అతనికి చచ్చేంత భయం.

శనివారం పొద్దున్న గాజువాకలో సూర్యకాంతమ్మగారి గృహప్రవేశం. మంత్రిగారు కారు దిగి, అక్షింతలు వేసి, విస్తరి దగ్గరికొచ్చి ఎల్లాజీ భుజం మీద చెయ్యేశారు. ఫొటో తీశారు. గవర్రాజుగారు మైకు అందుకున్నారు.

"మన ప్రియతమ మంత్రివర్యులు ఇప్పుడు పులిహోర స్వీకరిస్తున్నారు!"

జనం చప్పట్లు కొట్టారు. ఎల్లాజీ నమిలాడు.

"మంత్రివర్యులు రెండోసారి వడ్డించుకుంటున్నారు!"

ఈసారి ఈలలు కూడా వేశారు. మంత్రిగారు జనానికి నమస్కారం పెట్టి కారెక్కారు. ఆయన వెళ్ళాక కూడా ఆయన పదకొండు బూరెలు తిన్నారు. సూర్యకాంతమ్మగారు నేతిగిన్నె పట్టుకుని కదల్లేదు. "సిన్న మనిసి, ఎంత బాగా తింటన్నాడో! కడుపు సల్లగుండ," అని కళ్ళు తుడుచుకుంది.

మధ్యాహ్నం ఉక్కునగరంలో అప్పలసూరిగారి రిటైర్మెంటు ఫంక్షను. క్వార్టర్ ముందు షామియానా, ఆర్కెస్ట్రా, పెద్ద పెద్ద సౌండు బాక్సులు. వంట మాత్రం ఇంట్లోదే. అప్పలసూరిగారి భార్య నారాయణమ్మగారు తెల్లవారుజామున లేచి గుత్తివంకాయా, పనసపొట్టు కూరా, పాయసమూ స్వయంగా వండారు. ‘మంత్రిగారు ఓ పాట పాడాలి’ అని ఎవరో అరిచారు. మంత్రిగారు కాదనలేదు. మైకు పట్టుకుని పెదవులు కదిపారు. వెనకనుంచి ఆర్కెస్ట్రా గాయకుడు పాడాడు. స్టేజీ మీద మంత్రిగారు పాడుతూ ఉండగానే, కింద బంతిలో మంత్రిగారు వంకాయ కూర కలుపుకుంటున్నారు. ఒకేసారి రెండు చోట్ల పనిచేసే నాయకుణ్ణి చూడ్డం నాకదే మొదలు.

సాయంత్రానికి మరో మూడిళ్ళయ్యాయి. ఎల్లాజీ స్కూటరు వెనక ఒక పక్కకి తిరిగి కూర్చోవడం మొదలుపెట్టాడు. గతుకు వచ్చినప్పుడల్లా "బావా, నెమ్మది," అనేవాడు.

ఆదివారం పొద్దున్న వన్ టౌన్ దాటి రేవు పక్క పేటలో పోతమ్మ మనవరాలికి అన్నప్రాసన. వాళ్ళది వేటకెళ్ళే ఇల్లు. చేపల పులుసు ఘుమఘుమలాడుతోంది. పాప నోట్లో మొదటి ముద్ద పెట్టబోతుంటే గవర్రాజుగారు అడ్డుకున్నారు.

"ఆగండాగండి. ప్రోటోకాల్ ప్రకారం మొదటి ముద్ద మంత్రిగారిది."

"పసిగుంట మూతి కాడికి ఎట్టినాక ఆపుతావేటి బాబూ?" అంది పోతమ్మ.

ప్రోటోకాల్ ప్రోటోకాలే. ఎల్లాజీ వంగి, పాప నోటి దగ్గరి పరమాన్నం తను తిన్నాడు. పాప ఒక్క క్షణం తెల్లబోయి, తర్వాత రేవులో ఓడ సైరనంత గట్టిగా ఏడ్చింది. గవర్రాజుగారు దాన్ని ఆనందబాష్పాలుగా మైకులో ప్రకటించారు. పోతమ్మ నవ్వాపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది.

"వొచ్చినోడు తిన్డు, తిన్నోడు వొచ్చినోడు కాడు. ఏటి రాజకీయమో ఇది!" అంటూనే ఎల్లాజీకి పులుసు నాలుగుసార్లు పోసింది.

తొమ్మిదో ఇంట్లో గండం వచ్చింది. సగం కొరికిన బూరె ఎల్లాజీ చేతిలో ఆగిపోయింది. ‘చా’ అన్నాడు. గవర్రాజుగారు తలతిప్పి చూశారు. "చా... లా బాగుందండి," అని పూర్తిచేశాడు ఎల్లాజీ. ఆ మిగతా సగం జేబులో వేసుకున్నాడని నేను ఎవరికీ చెప్పలేదు.

ఇంటికొచ్చేసరికి చిట్టమ్మ మామిడికాయేసి నెత్తళ్ళ చేపలు వండి పెట్టింది. అతనికి ప్రాణమైన కూర. కంచం ముందు కూర్చుని, చూసి, ఎల్లాజీ తల దించుకున్నాడు.

"ఒలే, ముద్ద లోపలికి ఎల్లదే."

"ఊరందరి కూడూ తినీసి, నా కూడు వద్దంటన్నావా?" అంది చిట్టమ్మ. కోపంగా అనలేదు, అదే ఇబ్బంది. కంచం తీసి లోపలికి వెళ్ళిపోయింది. ఆ రెండ్రోజుల్లో నాకు నవ్వు రానిది అక్కడొక్కచోటే. ఎల్లాజీని చూస్తే నిజంగా జాలేసింది.

సోమవారం హైదరాబాద్ నుంచి సర్వే ఆఫీసర్ వీరేంద్రగారు దిగారు. మెళ్ళో టై, చేతిలో ఫారాలు. ఆయనకు ఊరు కొత్త. మళ్ళీ నా స్కూటరే దిక్కయింది. మొదట సూర్యకాంతమ్మగారి ఇంటికి తీసుకెళ్ళాను.

"ఎల్లాజీగారు మీకు తెలుసా?"

"తెలకపోడమేటి! బాగా తింటాడు బాబూ."

వీరేంద్రగారి పెన్ను ఆగింది. "తింటాడని మీకెలా తెలుసు?"

"నా సేత్తో నానే పెట్టినాను గదా."

"మీరే పెట్టారా! దేనికి?"

"ఇల్లు కట్టుకున్నాం గదా, అందుకు."

వీరేంద్రగారు ‘గృహ నిర్మాణం’ అన్న గడిలో టిక్కు పెట్టారు. "ఆయన అడిగాడా?"

"అడగడు. పెడితే వద్దనడు. అయినా ఆయన సొంతానికి తిన్నేదు బాబూ, మంత్రిగారి పేరు మీద తిన్నాడు."

"మంత్రిగారి పేరు మీదా! ఆ మాట ఆయనే చెప్పాడా?"

"మైకులో సెప్పినారు. అందరం సప్పట్లు కొట్టినాం."

వీరేంద్రగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మీకు కోపం రాలేదా?"

"కోపమెందుకు? మల్లీ వొస్తే మల్లీ పెడతాం."

ఉక్కునగరంలో అప్పలసూరిగారు, "నా రిటైర్మెంటుకి కడుపునిండా తిన్నాడండి, మా ఆవిడకి ఎంత సంతోషమో," అన్నారు. ఇంకో టిక్కు పడింది. రేవు దగ్గర పోతమ్మ పగలబడి నవ్వుతూ, "నా మనవరాలి నోటికాడి ముద్ద తినీసినాడు బాబూ!" అంది. వీరేంద్రగారు ‘శిశు సంక్షేమం’ అన్న గడి వెతికి, పక్కనే ఇంకేదో చాలాసేపు రాసుకున్నారు. తొమ్మిదిళ్ళలో తొమ్మిదిళ్ళూ ఒకే మాట, అందరూ నవ్వుతూనే. మిత్రుడికి ఇంత పేరొచ్చినందుకు నేను పొంగిపోయాను.

పదిరోజుల తర్వాత మంత్రిగారి బంగళా నుంచి పిలుపొచ్చింది. ఎల్లాజీకి ఆ సగం బూరె సంగతి బయటపడిందేమోనని దడ. నన్నూ తోడు రమ్మన్నాడు. దారిలో స్కూటరు వెనకనుంచి ఒకటే మాట, "టైర్ల కొట్టే బావా, టైర్ల కొట్టే."

గేటు దగ్గర గవర్రాజుగారు ఎదురొచ్చారు. "రండి ఎల్లాజీగారూ," అన్నారు. పద్నాలుగేళ్ళలో ఆ ‘గారు’ అదే మొదటిసారి.

మంత్రిగారి చేతిలో సర్వే రిపోర్టు ఉంది. అప్పటికి దాన్ని రెండు మూడుసార్లు చదివినట్టున్నారు.

"టికెట్ నీకే ఇచ్చారు. పైవాళ్ళు నీ గురించి గంటసేపు మాట్లాడుకున్నారట," అన్నారు.

ఎల్లాజీ కాళ్ళ మీద పడబోయాడు. మంత్రిగారు పడనివ్వలేదు. లేపి, తన పక్క కుర్చీలో కూర్చోబెట్టుకుని, చాలాసేపు అతని మొహంలోకి కొత్తగా చూశారు.

"ఇళ్ళు, రిటైర్మెంట్లు, పసిపిల్లలు. అదీ నా పేరు మీద. పైగా ఒక్కడు తిట్టలేదు." మంత్రిగారు రిపోర్టు మూసి అతని చెయ్యి పట్టుకున్నారు. "ఇన్నాళ్ళూ నువ్వు ఒట్టి అన్నమే తింటన్నావనుకున్నానయ్యా!"