నీళ్ల కార్డు

ఒక పెద్ద అడవిలో, నిప్పు అంటుకోకుండా చూడడానికి ఒక ఆఫీసు ఉండేది. అడవికి నిప్పు భయం రెండు నెలలే. ఆఫీసు మాత్రం పన్నెండు నెలలూ ఉండేది.

అధికారి ఎలుగుబంటి గారు. హెడ్ గుమస్తా తాబేలు. ఆఫీసు గొప్పలు ఊరంతా చాటేది మగనెమలి. రాలిన ఎండాకులు కాళ్లతో గీరి నేల శుభ్రం చేసేది అడవికోడి. ఆఫీసు చిమ్మేది ఆడ ఉడుత. పొగ కనబడితే అరిచేది తీతువు పిట్ట. అంటే పనివాళ్లు ముగ్గురు, మిగతావాళ్లు సిబ్బంది.

ఆఫీసు వెనకున్న గులకరాళ్ల నేలను తీతువుకు క్వార్టరుగా ఇచ్చారు. ఆ ఎండాకాలం ఆమె అక్కడే, రాళ్ల మధ్యే నాలుగు గుడ్లు పెట్టింది. రోజూ పొద్దున్నే లేచి చుట్టుపక్కల ఒక్క ఎండాకు లేకుండా ఏరేసేది. అడవికోడి వచ్చి ఓ చెయ్యి వేసేది.

"ఏం తీతమ్మా, ఇల్లు ఊడ్చే జబ్బు పట్టుకుందా?" అని నెమలి నవ్వేవాడు.

అప్పటికే తీతువు రెండుసార్లు అరిచింది. ఒకసారి పశువుల కాపరి పారేసిన బీడీకి. ఇంకోసారి తేనె తీసేవాళ్లు వదిలేసిన కాగడాకు. రెండుసార్లూ అరుపు వినగానే కోడి పరుగెత్తి మట్టి చిమ్మి ఆర్పేసింది. మంట పెద్దది కాలేదు కాబట్టి అరుపు అనవసరమని తాబేలు ఫైల్లో రాశాడు. ఎలుగుబంటి గారు రెండు మెమోలు ఇచ్చారు. మూడోది వస్తే ఉద్యోగం పోతుంది, సాయంత్రానికల్లా క్వార్టరు ఖాళీ చెయ్యాలి.

గుడ్లు పగిలి పిల్లలు రావడానికి ఇంకా ఎనిమిది రోజులున్నాయి. ముక్కున కరుచుకుని వెళ్లడానికి అవి పుల్లలు కావు కదా.

"నీ గొంతు వల్ల ఆఫీసు వాతావరణం పాడవుతోందమ్మా," అన్నారు ఎలుగుబంటి గారు. ఆ మాట ఆయన ఎంత గట్టిగా అన్నారంటే, పై కొమ్మన ఉన్న ఉడుత కిందపడింది. "అందుకే శిక్షణ పెట్టిస్తున్నాను."

శిక్షణ ఇవ్వడానికి చిలుక మాస్టారు వచ్చాడు. పట్నంలో జోస్యం చెప్పేవాడి పంజరంలో పదేళ్లు ఉండి, బియ్యపు గింజకో కార్డు తీసిన అనుభవం ఆయనది. ఓ మధ్యాహ్నం పంజరం తలుపు తెరిచి ఉండడంతో నిపుణుడైపోయాడు.

"లోకంలో స్వభావాలు నాలుగే," అన్నాడు చిలుక. "నిప్పు రకం, గాలి రకం, మట్టి రకం, నీళ్ల రకం. ఎవరిది ఏ రకమో తెలిస్తే ఆఫీసులో గొడవే ఉండదు."

ఎలుగుబంటి గారు దోరజామకాయ ముందు పెట్టుకుని కూర్చున్నారు. చిలుక జామకాయ వైపు చూశాడు, కార్డు తీశాడు. "నిప్పు! పుట్టుకతోనే నాయకుడు. గట్టిగా మాట్లాడడం వారి నాయకత్వం. వారికి ఏదైనా రెండు ముక్కల్లో చెప్పాలి."

నెమలికి గాలి కార్డు వచ్చింది. "ఉత్సాహ జీవి. ముందు పొగిడి తర్వాత విషయం చెప్పాలి. చెడ్డ కబురు వింటే వాడిపోతాడు." తాబేలుకి మట్టి. "వివరం ముఖ్యం. కొలతల్లేని మాట వీరికి మాటే కాదు."

తీతువుకి నీళ్ల కార్డు వచ్చింది. అడవికోడికీ అదే. ఆఫీసు చిమ్మే ఆడ ఉడుతకీ అదే. శాస్త్రం కదా, అలా కలిసొస్తుంది.

"నీళ్లు ఏ గిన్నెలో పోస్తే ఆ గిన్నె ఆకారం," అన్నాడు చిలుక తీతువుతో. "ఎవరికి తగ్గట్టు వాళ్లతో సర్దుకుపోవడం నీ వరం తల్లీ."

"వాళ్లు నాకు తగ్గట్టు సర్దుకోరా?"

"వాళ్ల కార్డుల్లో అది లేదమ్మా."

"మరి నేను అరిస్తే? అదీ నాయకత్వమేనా?"

"నీళ్లు అరిస్తే దాన్ని వరద అంటారు," అన్నాడు చిలుక. అందరూ చప్పట్లు కొట్టారు. తాబేలు ఆ వాక్యం రాసుకున్నాడు.

నాలుగో రోజు పొద్దున పడమటి గుట్టల మీద పొగ లేచింది.

తీతువు నోరు తెరిచింది. మూడో మెమో గుర్తొచ్చింది. మూసింది. రెక్కలు సర్దుకుని ఎలుగుబంటి గారి దగ్గరికి నడిచి వెళ్లింది.

"అయ్యా, పొగ. పందులు కావాలి."

అడవిపందుల మంద వచ్చి కందకం తవ్వితే మంట ఆగుతుంది. కానీ ఉత్తర్వు లేకుండా పందులు కదలవు.

"భేష్! రెండు ముక్కల్లో చెప్పావు. చూశావా శిక్షణ మహిమ?" అన్నారు ఎలుగుబంటి గారు. "వెళ్లి ఉత్తర్వు రాయించు."

తాబేలు కలం ముంచాడు. "పొగ ఎంత దూరం?"

"రెండు గుట్టల అవతల."

"సుమారుగానా, కొలిచావా?"

తీతువు ఎగిరి వెళ్లి చూసొచ్చింది. "ఇప్పుడు ఒక గుట్ట అవతలే ఉంది."

"ఇందాక రెండన్నావు, ఇప్పుడు ఒకటంటున్నావు. మాట మీద నిలబడవేం?" అని తాబేలు కొట్టేసి రాశాడు. "మంట పొడవు?"

మూడుసార్లు వెళ్లొచ్చాక కాగితం పూర్తయింది. దాన్ని పందులకు చదివి వినిపించాల్సింది నెమలి.

"మీ పింఛం ఇవాళ మరీ మెరిసిపోతోంది బాబూ," అంది తీతువు. గొంతులో పొగ అడ్డం పడుతోంది.

"నిజంగానా? ఇటు వైపు నుంచి చూడు."

"అటు నుంచీ బావుంది. మంట వస్తోంది, ఇది చదవండి."

నెమలికి చెడ్డ కబురు చెప్పే అలవాటు లేదు. రాతిమీదికెక్కి పింఛం విప్పి, "సోదరులారా! ఈ ఉదయం మన పడమర ఎంతో ఉజ్వలంగా ఉంది!" అన్నాడు.

పందులు తలెత్తి పడమర చూశాయి. "అవును, బావుంది," అని మళ్లీ బురదలో పొర్లాయి.

తీతువు గుడ్ల దగ్గరికి పరుగెత్తింది. ఎదురుగా అడవికోడి, రొప్పుతూ.

"ఏంటే, పొగ ముక్కుల్లోకొస్తున్నా నీ నోరు పెగలదేం?"

"అరిస్తే క్వార్టరు పోతుందే. గుడ్లు ఎక్కడ పెట్టుకోను?"

"అరవకపోతే గుడ్లకి మెమో ఇచ్చి కాలుస్తుందటే నిప్పు?"

తీతువు అరిచింది. రెండు వేసవుల అరుపు, రెండు మెమోల అరుపు, నీళ్ల కార్డు అరుపు, అన్నీ కలిపి అరిచింది. పందులు బురదలోంచి లేచి పరుగెత్తాయి. జింకలు, కుందేళ్లు, పాములు, ఏ రకమో ఎవరూ చెప్పని పురుగులు, అన్నీ వాగు వైపు పారిపోయాయి. కందకానికి వేళ మించిపోయింది. ప్రాణాలకు మాత్రం మించలేదు.

సిబ్బందే వెనకబడ్డారు. ఎలుగుబంటి గారు జామకాయలు, తాబేలు ఫైళ్లు, నెమలి ఈకలు సర్దుకునేసరికి దారి మూసుకుపోయింది. ఆకు లేని నేల ఒక్కటే మిగిలింది. చిలుకతో సహా అందరూ గులకరాళ్ల మీదికి దూకారు.

"కాలు!" అంది తీతువు.

"ఏమిటమ్మా?"

"కాలెత్తండి. కింద గుడ్డు."

ఎలుగుబంటి గారు మంట పోయేదాకా ఒంటికాలి మీద నిలబడ్డారు. మంట వచ్చి రాళ్ల అంచున ఆగింది. నమలడానికి ఆకు దొరకలేదు. రెండు పక్కల నుంచీ తప్పుకుని వెళ్లి ఆఫీసును కాల్చింది.

మర్నాడు బూడిదలో సమీక్షా సమావేశం.

"శిక్షణలో లోపం లేదు," అన్నాడు చిలుక. "అధికారి గారు వెంటనే నిర్ణయించారు. గుమస్తా గారు వివరం కోరారు. నెమలి గారు ఉత్సాహపరిచారు. తీతమ్మే తనలోని నీళ్లను చివరిదాకా నిలబెట్టుకోలేకపోయింది."

అనుమతి లేకుండా అరిచినందుకు మూడో మెమో మంజూరైంది. అయితే పాత ఫైళ్లన్నీ కాలిపోయాయి, తాబేలు కొత్తది మొదటి నుంచీ రాయాలి. మట్టి రకం కదా, మూడు రోజులు పట్టింది. నాలుగో రోజు మెమో తెచ్చేసరికి పెంకులు మాత్రమే ఉన్నాయి.

తీతువు పిల్లలు పుట్టిన రోజే నడుస్తాయి. నాలుగూ తల్లి వెనక వరసగా నడుస్తున్నాయి, వాటి వెనక అడవికోడి.

"ఆగండి! పిల్లలకు కార్డులు తీయలేదు!" అని చిలుక కాలిన మొద్దు మీద కార్డులు పరిచాడు.

నాలుగు పిల్లలూ ఒక్కసారిగా నోళ్లు తెరిచి అరిచాయి. కార్డులు గాలికి లేచిపోయాయి.

ఎలుగుబంటి గారు చెవులు మూసుకున్నారు. "ఇవి ఏ రకం?"

"తల్లి రకం," అంది అడవికోడి, వెనక్కి తిరగకుండానే.

నీతి: నిప్పును ఆర్పడం కష్టం, అరిచినదాన్ని మార్చడం సులువు, తెలివైన ఆఫీసు ఎప్పుడూ సులువైన పనే ముందు చేస్తుంది.