పోలమ్మ గుహకి పడ్డ చిల్లు

ఒక పెద్ద అడవిలో ముసలితనం పెరిగిపోయింది. మృగరాజుకే నడుం పట్టేసింది. ఆ సంగతి ఎవరికీ తెలియకుండా పడుకునే పరిపాలిస్తున్నాడు. ఆ రోజుల్లోనే పట్నం శివార్లలో కొన్నాళ్ళు తిరిగొచ్చిన నక్క ఒకటి రాజుగారి చెవిలో ఊదింది.

"ప్రభూ, మన ముసలివాళ్ళకీ, దీర్ఘరోగులకీ కావలసింది మందు కాదు, మనసుకి ఓదార్పు. కుర్రకారుకి నేను సైకాలజీ నేర్పిస్తాను. నన్ను ప్రిన్సిపాలుని చెయ్యండి."

మందు తెప్పించే బాధ తప్పుతుంది కదా అని రాజు వెంటనే సరేనన్నాడు.

చిలక, తొండ, ఊసరవెల్లి, కోతి ఇంటర్నులుగా చేరాయి. నక్క చెప్పే చదువు చాలా సులువు. రోగి మాట్లాడుతుంటే తల ఊపాలి. రోగి అన్న మాటనే తిరిగి మెత్తగా అనాలి. రోగి బాధ మన ఒంటిమీద కనిపించాలి. ఏ పనికీ చెయ్యి మాత్రం పెట్టకూడదు.

"చెయ్యి పెడితే చాకిరీ, పెట్టకపోతే శాస్త్రం," అనేది నక్క.

ప్రాక్టికల్సుకి దొరికింది ఎలుగుబంటి పోలమ్మ. బాగా ముసలిది, మోకాళ్ళ వాపు ఏళ్ళనాటిది. ఆమె గుహ కప్పుకి చిల్లు పడింది. వానొస్తే నీళ్ళు సరిగ్గా ఆమె పడకమీదే కారతాయి. మిగతా గుహంతా రాళ్ళు, పడుకోవడానికి వేరే చోటు లేదు. పడక తడిస్తే మోకాళ్ళు బిగుసుకుపోతాయి. కిందటి వానాకాలం అలాగే లేవలేక, తిండి లేక, చావు తప్పి బయటపడింది. మళ్ళీ మబ్బులు కమ్ముతున్నాయి.

చిలక ఎదురుగా వచ్చి వాలింది. "చెప్పండి అవ్వా."

"చెప్పడానికేముందే తల్లీ! పైన చిల్లుంది. ఇంత మట్టి పెట్టించండి, మీకు పుణ్యముంటుంది."

"మట్టి అంటున్నారు..." అంది చిలక.

"అవునే, మట్టే."

"మట్టే అంటున్నారు..."

తొండ తల ఊపింది. ఊపుతూనే ఉంది. ఊసరవెల్లి దిగులుగా నల్లబడి, "చిల్లుని తలుచుకుంటే మీకేమనిపిస్తోంది?" అని అడిగింది.

"తడుస్తాననిపిస్తోంది! నా మనసుకేమే, నిక్షేపంలా ఉంది. మోకాళ్ళే బాగోలేవు."

"మనసు బాగుందంటోందంటే జబ్బు ముదిరిందన్నమాట," అని నక్క ఇంటర్నులకి వివరించింది.

కోతికి మాత్రం కుదురుగా కూర్చుని వినడం చేతకాలేదు. దానికేదో దయ పొంగిందని కాదు, కాళ్ళూ చేతులూ ఊరుకోవు, అంతే. పాఠం మధ్యలో లేచిపోయి, వాగొడ్డునుంచి బంకమట్టి తెచ్చి చిల్లులో కుక్కేసింది. పోలమ్మ చేతులెత్తి దండం పెట్టింది. నక్క ముఖం మాడిపోయింది.

"ఇప్పుడీవిడ దేనికని బాధపడుతుంది? ఎల్లుండి రాజుగారు తనిఖీకొస్తున్నారు. ఎవర్ని ఓదార్చి చూపించమంటావురా?" అని కోతిని ఫెయిల్ చేసింది. తరిమేసే ముందు దాని చేతే మట్టి పీకించింది.

"ఓరి పాపిష్టోడా, ఉన్నది ఉంచరా!" అని పోలమ్మ భోరుమంది.

"చూశారా! రోగి మనసు విప్పింది," అని నక్క మురిసిపోయింది. ఇంత సిగ్గుమాలిన చదువు గురించి నేనెక్కడా వినలేదు.

తనిఖీ రోజు రానే వచ్చింది. నక్క పోలమ్మను పక్కకి జరిపి, గుహలో ఉన్న ఒక్క మెత్తటి చోటా రాజుకిచ్చింది. దాని స్వాగతోపన్యాసం సగంలో ఉండగా వాన మొదలైంది. ముందు చుక్క పడింది, తరవాత ధార కట్టింది, అదీ సరిగ్గా రాజు నడుంమీద. అసలే పట్టేసిన నడుం కొయ్యబారిపోయింది.

"నీళ్ళు! నన్ను లేపండర్రా!" అని రాజు అరిచాడు.

"లేపమంటున్నారు..." అంది చిలక మెత్తగా. తొండ తల ఊపింది. ఊసరవెల్లి జూలు రంగులోకి మారి, "తడుస్తుంటే మీకేమనిపిస్తోంది ప్రభూ?" అంది.

"మిమ్మల్ని నమిలెయ్యాలనిపిస్తోంది!"

నక్క బయటికి పరిగెత్తి, గుహ కప్పెక్కి, మట్టి కోసం చూసింది. చుట్టూ బండలే. గతిలేక చిల్లుమీద కూర్చుని తన తోకనే అందులో కుక్కింది. ధార ఆగింది. రాజు ఊపిరి పీల్చుకున్నాడు.

"ఇది బాగుంది. నా నడుం పట్టు వదిలేదాకా అక్కడే ఉండు. కదిలావో, చంపేస్తాను."

ముసలి నడుం అంత తొందరగా పట్టు వదులుతుందా? వానాకాలమంతా రాజు అక్కడే పడుకున్నాడు. మట్టి తెద్దామన్న ఊహ కోతికే వచ్చేది, దాన్ని తరిమేశారు. మిగిలినవి బాగా చదువుకున్నవి. పోలమ్మ రాజు పక్కనే పొడి పడకమీద సర్దుకుని, మోకాళ్ళు రుద్దుకుంటూ పైకి కేకేసింది.

"ఏం నాయనా, అక్కడ తడుస్తుంటే నీకేమనిపిస్తోంది?"

"మట్టి... ఇంత మట్టి పెట్టించు అవ్వా," అంది నక్క వణుకుతూ.

"మట్టి అంటున్నావు..." అని పోలమ్మ తల ఊపింది.

ఖాళీ అయిన ప్రిన్సిపాలు పదవి చిలకకిచ్చారు.

నీతి: చిల్లు పూడ్చకండి, పూడిస్తే ఓదార్చడానికి ఎవరూ దొరకరు.