ముసలాయన మెమొరీ

ఆ రోజు పదింటి నుంచి పదకొండింటి వరకు కరెంటు ఉండదని విద్యుత్తు శాఖవాళ్ళు ముందే చెప్పారు. సబ్బుల ఫ్యాక్టరీలో ఆ గంటకి చేయాల్సిన పనులు మూడే: యంత్రాలు ఆపడం, టీ తాగడం, పదకొండింటికి మళ్ళీ యంత్రాలు నడపడం. ఈమాత్రం దానికి ఉదయాన్నే మీటింగు పెట్టిన మేనేజరుని చూస్తే ఎలక్ట్రీషియన్ బాబాయ్‌కి ఒళ్ళు మండింది. మేనేజరు యజమానికి అల్లుడు. అల్లుడు కాకముందు ఏం చేసేవాడో ఎవరికీ తెలియదు. అయ్యాక ఏం చేస్తున్నాడో బాబాయ్‌కి ఇంతవరకూ అంతుపట్టలేదు.

"కరెంటు వచ్చాక ఏది ముందు ఆన్ చేయాలో, ఏది తరవాతో ఒక కాగితం మీద రాసిపెట్టు బాబాయ్," అన్నాడు అల్లుడు.

"కాగితాలెందుకు అల్లుడుగారూ. ముప్పై ఏళ్ళ నుంచీ అంతా ఇక్కడే ఉంది," అని బాబాయ్ తన నుదుటి మీద వేలితో రెండుసార్లు తట్టి చూపించాడు.

బాబాయ్ లెక్కలో తెలివితక్కువవాళ్ళు రెండు రకాలు. కరెంటు గురించి తెలియనివాళ్ళు, తెలుసనుకునేవాళ్ళు. అల్లుణ్ణి ఎందులో వేయాలో తేలక రెండింట్లోనూ వేశాడు.

సబ్బు కరిగే పెద్ద తొట్టిని నడిపేది గోడకి బిగించిన ఒక బూడిదరంగు పెట్టె. ఎంత వేడి పెట్టాలి, ఎంతసేపు కలపాలి, ఏ వాల్వు ఎప్పుడు తెరవాలి, అంతా దాని మెమొరీలో ఉంటుంది. వచ్చి ముప్పై ఏళ్ళు కావడంతో పనివాళ్ళు దాన్ని ముసలాయన అంటారు. యజమానినీ చాటుగా ముసలాయన అనే అంటారు. ఇన్నేళ్ళలో దానివల్ల ఎవరికీ ఇబ్బంది రాలేదు.

పదకొండింటికి కరెంటు వచ్చింది. లైట్లు వెలిగాయి, ఫ్యాన్లు తిరిగాయి. తొట్టి మాత్రం ఉలకలేదు, పలకలేదు. పెట్టె మీద ఎర్రదీపం వెలుగుతోంది. బాబాయ్ ఫ్యూజు చూశాడు, బాగానే ఉంది. వైర్లు లాగి చూశాడు, అవీ బాగానే ఉన్నాయి. స్క్రూడ్రైవర్ పిడితో పెట్టెని నాలుగు దెబ్బలు వేశాడు. అప్పుడు మూలనున్న నల్ల టేపు ముక్క కంటబడింది. లోపలి బ్యాటరీ అయిపోవచ్చిందని అక్కడ ఒక చిన్న దీపం రెండేళ్ళ క్రితం మిణుకుమనడం మొదలుపెట్టింది. చూడ్డానికి చిరాగ్గా ఉందని దానిమీద టేపు అతికించింది బాబాయే. కరెంటు లేనప్పుడు మెమొరీని కాపాడేది ఆ బ్యాటరీ ఒక్కటే. బాబాయ్ అటూ ఇటూ చూసి, టేపు పీకి జేబులో వేసుకున్నాడు.

"ఏమైంది బాబాయ్?" అన్నాడు అల్లుడు పరుగున వచ్చి.

"ముసలాయనకి మెమొరీ మొత్తం పోయింది."

"మళ్ళీ రాదా?"

"ఒక్క ముక్క మిగల్లేదు. ఈ వయసులో బాగుచేయించడం దండగ. తీసేసి కొత్తది పెట్టుకోవడమే."

సంతకం కోసం ఫైలు పట్టుకొచ్చిన టైపిస్టు గుమ్మంలోనే ఆగిపోయింది. ఫైలు అక్కడే వదిలేసి ఆఫీసులోకి పరిగెత్తి, యజమాని కూతురికి ఫోను చేసింది. "మీరు కంగారు పడకండి మేడమ్," అని మొదలుపెట్టింది. ఆ మాట విన్నాక కంగారు పడకుండా ఉన్నవాళ్ళు ఇంతవరకూ పుట్టలేదు.

ఇక్కడ బాబాయ్ స్టోరుకీపర్‌ని బ్యాటరీ తెమ్మన్నాడు. అతను చెమటలు కక్కుతూ అల్లుడి కారులోంచి ఊడబీకిన బ్యాటరీ మోసుకొచ్చాడు. కావలసింది బొటనవేలంతది. బాబాయ్ అతనివైపు చూసిన చూపుకి మామూలు మనిషైతే ఉద్యోగం మానేసేవాడు.

అంతలో అల్లుడి ఫోను మోగింది. విని, తెల్లబోయి ఫోను పెట్టేశాడు. "మామగారికి కూడా మెమొరీ పోయిందట బాబాయ్. కారు తీసుకుని రమ్మంటోంది మా ఆవిడ."

"ఆయనకి పోవడానికి ఏముంది గనక," అన్నాడు బాబాయ్ తల ఎత్తకుండా. "అయినా మీ కారు ఇప్పుడు కదలదు."

తొట్టిలో సబ్బు చిక్కబడుతోంది. ఇంకో ముప్పావుగంటలో గొట్టాల్లో గడ్డకడితే వాటిని కోసి పారేయడం తప్ప దారిలేదు. బాబాయ్ చొక్కా చేతులు మడిచి, అంకెలన్నీ బుర్రలోంచి తీసి పెట్టెలోకి ఎక్కించడం మొదలుపెట్టాడు. మొదటి నాలుగూ టకటకా వచ్చాయి. అయిదోది రాలేదు. రాలేదని ఒప్పుకోవడం ఇష్టంలేక తోచిన అంకె కొట్టి మీట నొక్కాడు. ఆవిరి వాల్వుకి బదులు నీళ్ళ వాల్వు తెరుచుకుంది. కలిపే చక్రం మామూలుకంటే అయిదు రెట్లు వేగంగా తిరిగింది. రెండు నిమిషాల్లో నురగ తొట్టి అంచు దాటింది. అయిదు నిమిషాల్లో మోకాళ్ళు దాటింది. బాబాయ్ మెయిన్ స్విచ్చి కట్టేసేసరికి స్టోరుకీపర్ నడుందాకా మునిగి, కారు బ్యాటరీని నెత్తిమీద పెట్టుకుని నిలబడ్డాడు.

సరిగ్గా అప్పుడే యజమాని లోపలికి వచ్చాడు. మంగలి దగ్గర క్షౌరం చేయించుకుని, కళ్ళజోడు అక్కడే మర్చిపోయి నేరుగా ఫ్యాక్టరీకి వచ్చాడు. రెండో గుమ్మంలోంచి కూతురు, భార్య, డాక్టరు వచ్చారు.

"నాన్నా," అంటూ కూతురు నురగలోంచి వచ్చి చేయి పట్టుకుంది.

యజమాని కళ్ళు చికిలించి చూశాడు. "ఎవరమ్మా నువ్వు?"

కూతురు బావురుమంది. డాక్టరు ముందుకొచ్చి, "ఇవాళ ఏ వారమో చెప్పగలరా?" అన్నాడు.

"నువ్వెవడివయ్యా వారాలడగడానికి? నా ఫ్యాక్టరీలో ఈ నురగేంటి?"

"చూశారా, కోపం కూడా మొదలైంది."

"అది పెళ్ళినాటి నుంచీ ఉంది డాక్టరుగారూ," అంది భార్య.

అల్లుడు తడబడుతూ జరిగిందంతా చెప్పాడు. మెమొరీ పోయింది ఏ ముసలాయనకో అందరికీ అర్థమయ్యేసరికి కాస్త సమయం పట్టింది. తన చాటు పేరు యజమానికి తెలిసింది కూడా అప్పుడే. ఆయన తడుముకుంటూ పెట్టె దగ్గరికి వెళ్ళాడు.

"దీని పక్కన గుంటలో ఒక చిప్పుంది. అసలుది పోయినా దాంట్లో నకలుంటుంది. పక్కనున్న మీట పైకి తిప్పి కరెంటిస్తే అదే నింపుకుంటుంది," అని, చూపు ఆనకపోయినా వేళ్ళతో వెతికి మీట తిప్పాడు. "ఇప్పుడు స్విచ్చి వెయ్యి."

బాబాయ్ వేశాడు. ఎర్రదీపం ఆరి పచ్చదీపం వెలిగింది. ఆవిరి వాల్వు తెరుచుకుంది. చక్రం బుద్ధిగా తిరగసాగింది.

"దీన్ని పెట్టిన రోజు నీకంతా చూపించాను కదరా," అన్నాడు యజమాని. "నీలం చొక్కా వేసుకున్నావు. నేను చెబుతుంటే నాలుగుసార్లు ఆవలించావు. చూపించానా, లేదా?"

పనివాళ్ళందరూ బాబాయ్ వైపే చూస్తున్నారు. చూపించారంటే ఒక తంటా, చూపించలేదంటే ఇంకో తంటా. బాబాయ్ నుదుటి మీది నురగ తుడుచుకున్నాడు.

"గుర్తులేదు సార్."

డాక్టరు మెల్లగా అతనివైపు తిరిగాడు. ఎలాగూ వచ్చాడు, ఎవరినో ఒకర్ని చూసి వెళ్ళాలి. భుజంమీద చేయివేసి, ఆఫీసులోకి తీసుకెళ్ళి, ఎదురుగా కూర్చోబెట్టి, ఇవాళ ఏ తేదీ, ఏ వారమో చెప్పమన్నాడు.

బాబాయ్ తేలిగ్గా నవ్వి, గోడమీది క్యాలెండరు చూసి టక్కున చెప్పాడు. అది నిరుటి క్యాలెండరు.