ఆరు అర్థాలు, అయిదు సాక్ష్యాలు

పరీక్ష రోజు పొద్దున సీనియర్ గుమాస్తా అద్దం ముందు నిలబడి, ‘టేకాఫ్’ అనే ఇంగ్లీషు మాటకున్న ఆరు అర్థాలు వల్లెవేస్తూ నాలుగోదాని దగ్గర నీళ్ళు నమిలాడు. ప్రమోషన్‌కు పెట్టే ఇంగ్లీషు పరీక్ష ఇప్పటికి రెండుసార్లు తప్పాడు, రెండుసార్లూ ఈ మాట దగ్గరే. ఈసారీ తప్పితే సెక్షన్ హెడ్ కుర్చీ అదే ఆఫీసులో పనిచేస్తున్న బావమరిదికి పోతుంది. భార్య తమ్ముణ్ణి లేచి నిలబడి “సార్” అనడం కన్నా ఉద్యోగం మానేయడం మేలని ఆయన ఎప్పుడో తేల్చుకున్నాడు. మానేస్తే ఇల్లు గడవదు, అది వేరే సంగతి.

“మీకు చదివితే ఎక్కదండీ, చేస్తే ఎక్కుతుంది,” అంది భార్య. “ఈత పుస్తకం చూసి నేర్చుకున్నారా? ఒక్కో అర్థానికీ ఒక్కో పని చేసేయండి. జన్మలో మర్చిపోరు.”

“మొదటి అర్థం విప్పడం. దానికి చెప్పులు విప్పితే సరిపోతుందా?”

“రోజూ విప్పేవేగా, గుర్తేముంటుంది? గుండె దడదడలాడే పని చేయండి. విమానం ఎగరడం ఒక్కటీ వదిలేయండి.”

ఆఫీసులో ఇంకా ఎవరూ లేరు. గుమాస్తా స్క్రూడ్రైవరుతో మేనేజరు గది తలుపు మీది నేమ్‌ప్లేటు విప్పాడు. గుండె దడదడలాడింది, అర్థం బుర్రకెక్కింది. తిరిగి బిగించబోతే స్క్రూ ఒకటి వరండాలోని బీరువా కిందికి దొర్లిపోయింది. ప్లేటు టిఫిన్ సంచిలో దాచి, స్క్రూ తర్వాత వెతుక్కోవచ్చు, ముందు ఇంకో అర్థం కానిద్దామని లోపలికి వెళ్ళి మేనేజరు కుర్చీలో కూర్చున్నాడు. రెండోది అనుకరించడం. మేనేజరు మాట ముక్కులోంచి వస్తుంది. గుమాస్తా ముక్కు పట్టుకుని, ఆయన రోజుకు పదిసార్లు అనే మాటే అన్నాడు.

“ఇక నావల్ల కాదయ్యా. మీ తిప్పలు మీరు పడండి.”

సరిగ్గా అప్పుడే బావమరిది వరండాలోకి వచ్చాడు. తలుపు మీద పేరు లేదు, లోపల్నుంచి ఈ మాట. రెండూ కలుపుకున్నాడు. గుమాస్తా పక్కగుమ్మంలోంచి బయటపడి తన సీటు చేరేలోగా, మేనేజరుకు బదిలీ అయిందన్న వార్త మేడమీది టైపు సెక్షన్ దాకా పాకింది. ఊపందుకోవడం అనే మూడో అర్థం అలా దానంతటదే తయారైంది.

పదిన్నరకు మేనేజరు వచ్చేసరికి, ఆయన అప్పుడే వెళ్ళిపోయాడనుకుని హాల్లో వీడ్కోలు సభ జరుపుతున్నారు. “ఆరేళ్ళు మనల్ని నంజుకు తిన్నాడు,” అంటున్నాడు బావమరిది. “పోయేవాణ్ణి ఏమీ అనకూడదు గానీ, పీడ విరగడైంది.” అందరూ చప్పట్లు కొట్టారు. వెనక వరసలో నిలబడ్డ మేనేజరు తనూ నాలుగు చప్పట్లు కొట్టి, “ఎవరయ్యా పోయేది?” అని పక్కనున్న గుమాస్తాను అడిగాడు. బావమరిది చూపు అప్పుడే అటు పడింది. మిగతా ఉపన్యాసం గుటుక్కున మింగేశాడు.

గుమాస్తా పూటసెలవుకు చీటీ రాసి బల్లమీద పెట్టి, ఎవరికీ చెప్పకుండా వెనక మెట్లమీంచి జారుకున్నాడు. సెలవు పెట్టడం, జారుకోవడం అనే నాలుగో, అయిదో అర్థాలు కూడా అయిపోయాయి.

మూడింటికి పరీక్షకు తిరిగి వచ్చాడు. పై ఆఫీసు నుంచి వచ్చిన పరీక్షాధికారిణి పక్కనే మేనేజరు కూర్చుని ఉన్నాడు. నేమ్‌ప్లేటు దొంగ ఎవరో తేలక ఆయన మధ్యాహ్నం భోజనం కూడా చేయలేదు.

“‘టేకాఫ్’కు అర్థాలు చెప్పండి,” అందావిడ. “ఒక్కోదానికీ మీ అనుభవంలోంచి ఉదాహరణ కావాలి. పుస్తకంలోవి చెల్లవు.”

గుమాస్తా మేనేజరు మొహం చూశాడు. బావమరిదిని సార్ అంటున్న తన మొహం ఊహించుకున్నాడు. సంచిలోంచి నేమ్‌ప్లేటు తీసి బల్లమీద పెట్టి, మొదటి అర్థం నుంచి మొదలుపెట్టాడు. రెండోదానికి ముక్కు పట్టుకుని మరీ చూపించాడు.

“ఆరోది విమానం ఎగరడం. అదొక్కటే నేను చేయలేదండీ.”

నూటికి నూరు వచ్చాయి. ఇంత నిజాయితీగల ఉదాహరణలు తన సర్వీసులో వినలేదంది ఆవిడ. మేనేజరు మార్కుల కాగితం మీద సంతకం పెట్టాడు.

సోమవారం గుమాస్తా సెక్షన్ హెడ్ కుర్చీలో కూర్చున్నాడు. బావమరిది లేచి నిలబడి, “బావా” అనబోయి, “సార్” అన్నాడు. ఆ సంతోషంలో ఉండగానే మేనేజరు నుంచి మొదటి ఫైలు వచ్చింది: నేమ్‌ప్లేటు విప్పిన గుమాస్తా దగ్గర సంజాయిషీ తీసుకుని, సెక్షన్ హెడ్ తన అభిప్రాయం తెలుపవలెను.

ఆయన సంజాయిషీ అడిగాడు, సాయంత్రానికల్లా రాసిచ్చాడు, మర్నాడు శ్రద్ధగా చదివి, సంతృప్తికరంగా లేదని రాశాడు.