గుండ్ల ఫ్యాక్టరీకి లాయరే కావాలి

ఫిరంగి గుండ్లు తయారుచేసే కంపెనీని ఇంజనీర్ల చేతిలో పెట్టడమంత పొరపాటు ఇంకొకటి లేదని నేను ఘంటాపథంగా చెప్పగలను. దాన్ని లాయర్ల చేతిలో పెట్టాలి! ఇంజనీరు ఏం చేస్తాడు? గుండు మీద పగులు కనిపిస్తే పగులు అంటాడు. ఇంత లౌక్యం తెలియని మనిషికి దేశరక్షణ అప్పగిస్తామా?

నమ్మకపోతే మా బావగారిని చూడండి. మా అక్క భర్త. ఇరవై రెండేళ్లు నల్లకోటుతో కోర్టు మెట్లెక్కి దిగిన మనిషి, ఇవాళ గుండ్ల కంపెనీకి సీఈవో. ఈ మధ్యలో ఆయన స్క్రూడ్రైవరు ముట్టుకున్న పాపాన పోలేదు. ఇంట్లో బల్బు మార్చాలన్నా అక్కే స్టూలెక్కుతుంది.

అయితేనేం? ఆయన చేతిలో ఉన్నది అంతకన్నా గట్టి పనిముట్టు, మాట. ఒక అపార్ట్‌మెంటులో లిఫ్ట్ తెగిపడిన కేసులో, లిఫ్ట్ పడలేదనీ, అనుకున్నదానికంటే త్వరగా కిందికి చేరిందనీ వాదించి గెలిచారు. కుక్కర్ పేలిన కేసులో, మూత తనంతట తానే కుక్కర్‌ను విడిచి వెళ్లిందన్నారు. వెళ్లే మూతను కంపెనీ ఎలా ఆపుతుంది చెప్పండి!

ఆ తర్వాత గుండ్ల కంపెనీవాళ్ల గోడౌన్‌లో సరుకు పేలి, ప్రహరీ గోడతో పాటు పక్కనున్న సైకిల్ షెడ్డు కూడా లేచిపోయింది. బావగారు జడ్జిగారి ముందు నిలబడి ఒక్కటే అడిగారు. "పేలడమే గుండు పని. పేలింది. పని చేసిన వస్తువులో తప్పుందని ఎలా అంటారండీ?" కేసు గెలిచారు. బోర్డువాళ్లు ఆనందం పట్టలేక ఆయన్ని ఏకంగా సీఈవో కుర్చీలో కూర్చోబెట్టారు.

ఆయన వచ్చీ రాగానే చేసిన మొదటి సంస్కరణ ఏమిటంటే, ఫ్యాక్టరీలో 'లోపం' అనే మాటను నిషేధించడం. రేపు కోర్టులో అది ఒప్పుకోలు కిందికి వస్తుందిగా! ఇకమీదట 'పరిశీలన' అని రాయాలి. పగులు 'గీత' అయింది. తుప్పు 'రంగులో మార్పు' అయింది. తుస్సుమన్న గుండు 'సంయమనం పాటించిన గుండు'. ఏడాది తిరిగేసరికి రికార్డుల్లో లోపాలు సున్నా! ఏ ఇంజనీరైనా ఇంత సాధించాడా? నాణ్యతకు అవార్డు కూడా వచ్చింది. ఆ ఫోటో అక్క వాళ్ల హాల్లో టీవీకి పైన ఉంది.

ఇంత చక్కటి ఏర్పాటుకు అడ్డుపడింది ఎవరయ్యా అంటే, మా తమ్ముడు! పద్నాలుగేళ్లుగా అదే ఫ్యాక్టరీలో ఇన్‌స్పెక్టరు. గుండు ఎప్పుడు పేలాలో నిర్ణయించే ఫ్యూజులను పరీక్షించడం వాడి పని. ఒక లాటులో ఫ్యూజులు తొందరపడుతున్నాయనీ, గుండు ఫిరంగి గొట్టం దాటకముందే పేలుతుందనీ వాడికి తేలింది. మొండిఘటం, రిజిస్టరులో 'లోపం' అని రాసేశాడు.

కాగితం బావగారి ఆఫీసు నుంచి తిరిగొచ్చింది. 'తేడా' అని మార్చాడు. అదీ తిరిగొచ్చింది. చివరికి వాళ్లే 'పరిశీలన: ఫ్యూజులలో ఉత్సాహం' అని టైపు చేసి, సంతకం చోట పెన్సిలుతో గుర్తు పెట్టి పంపారు. వాడు పెట్టనన్నాడు.

ఆదివారం అక్క వాళ్లింట్లో భోజనాల దగ్గర పంచాయితీ.

"ఒక్క మాట కోసం బావతో గొడవేంట్రా?" అంది అక్క.

"మాట కాదక్కా, అది గొట్టంలోనే పేలిపోతుంది" అన్నాడు వాడు.

బావగారు నవ్వుతూ పెరుగు కలుపుకున్నారు. నేనేమన్నాను? ఇంటికి పెద్దకొడుకుని కదా, పెద్దరికం చూపించాను. "ఆయనకు తెలియదట్రా? పెట్టెయ్, ఏం కాదు" అన్నాను. వాడు నా మాట ఎన్నడూ కాదనలేదు. మర్నాడు పెట్టాడు.

ఆ ఫ్యాక్టరీలో పాత ఇంజనీర్లు పెట్టిన ఒక ఆనవాయితీ ఉంది. లాటు మీద సంతకం పెట్టిన ఇన్‌స్పెక్టరు, దాన్ని మైదానంలో మొదటిసారి పేల్చేటప్పుడు ఫిరంగి పక్కనే నిలబడాలి. సంతకం చేసే చేతికి కాస్త భయం ఉంటుందని. అన్నీ మార్చిన బావగారు దీని జోలికి మాత్రం పోలేదు. సీఈవోలకు వర్తించదు కనుక ఆయన కంట పడి ఉండదు.

తమ్ముడు నిలబడ్డాడు. మిగతావాళ్లు ఇసుకబస్తాల వెనక ఉండి దెబ్బలతో బయటపడ్డారు. వాడికి కుడిచేతి మూడు వేళ్లు పోయాయి. రెండు చెవులూ వినపడకుండా పోయాయి. కంపెనీ నివేదికలో 'ఉద్యోగిలో కొన్ని మార్పులు గమనించడమైనది' అని ఉంది. ఎంత మర్యాదైన భాషో చూశారా! అది చదివి ఆస్పత్రి వరండాలో నేను చిన్నపిల్లాడిలా ఏడ్చాను. పెట్టెయ్ అన్నది నేనే.

బావగారు స్వయంగా వచ్చి పరామర్శించారు. యాపిల్ పళ్లతో పాటు పద్నాలుగు పేజీల ఒప్పందం కూడా తెచ్చారు. వైద్యమంతా కంపెనీయే చేయిస్తుంది. బదులుగా మా కుటుంబంలో ఎవరూ కంపెనీని గానీ, సీఈవోను గానీ విమర్శించకూడదు, నిందించకూడదు, తూలనాడకూడదు. తమ్ముడు ఎడమచేత్తో సంతకం పెట్టాడు. వాడి మంచం పక్కనే నిలబడి నేనూ పెట్టాను.

ఇంటికొచ్చి ఆ పద్నాలుగు పేజీలూ ఏడుసార్లు చదివాను. పొగడకూడదని ఎక్కడా లేదు!

అందుకే ఈ పొగడ్త, బావగారూ. కాదంటారా? కోర్టుకెళ్లండి, మీకు కొత్తా? ఇందులో పొగడ్త కానిదేదో జడ్జిగారికి చూపించాలంటే మాత్రం, మా తమ్ముడికి ఏం జరిగిందో, ఎవరివల్ల జరిగిందో మీరే నోరువిప్పి చెప్పాలి.

ఆ రోజు నేను ముందు వరసలో కూర్చుంటాను. మీరన్న ప్రతి మాటా కాగితం మీద రాసి వాడికి చూపిస్తాను.